మహారాజశ్రీ తేనెమైనం గారికి

మహారాజశ్రీ తేనెమైనం గారి సముఖమునకు,

నిన్న మధ్యాహ్నం విజయవాడ ఎండలో, ఆపి ఉంచిన కారు వెనుక సీటులో, రెండే రెండు గంటల్లో తమరు నెరవేర్చిన ఘనకార్యాన్ని పురస్కరించుకొని ఈ లేఖ రాసుకుంటున్నాను.

తమ వంశప్రతిష్ఠ నాకు తెలియనిది కాదు. రోమన్ల ఏలుబడిలోని ఈజిప్టులో, ఫయూమ్ ప్రాంతపు మమ్మీల ముఖాలపై అమర్చిన చిత్తరువులలో రంగులను పొదువుకొని, సుమారు 1,800 ఏళ్ళు గడిచినా ఆ కళ్ళలో తడి ఆరనివ్వలేదని చదివే కదా, మిమ్మల్ని కరిగించి పొరలుగా పూసి చిత్రం చేద్దామని మా నాయనమ్మ ఫొటోను మీ చేతుల్లో పెట్టాను. ఎడారిలో నిలిచిన మీరు బెంజి సర్కిల్ దాటలేకపోయారు. 62 డిగ్రీల దాకా కరగనని పుస్తకాలలో రాయించుకున్న మీరు, అంతకు చాలా ముందే మెత్తబడతానన్న సంగతి నాతో ఒక్క మాటైనా అనలేదు.

నా సేవలో లోపమేమీ లేదు. మీకు గట్టిదనం చాలదంటే డామర్ అనే గుగ్గిలాన్ని ఎనిమిది పాళ్ళకు ఒక పాలు చొప్పున కలిపాను. నిగనిగలాడే ఫొటో కాగితాన్ని మీరు అంటుకోనంటే, పల్చని జపాను కాగితం మీద పిగ్మెంట్ సిరాతో మళ్ళీ ప్రింటు వేయించాను. పూసిన ప్రతి పొరనూ వేడిగాలి ఊదే హీట్ గన్‌తో కరిగించి కింది పొరలో కలిపాను. శుద్ధమైనదని నమ్మి కొన్న మొదటి దిమ్మ సగం పారాఫిన్ అనే కొవ్వొత్తుల మైనమని తేలిన విషయం ఎత్తను, అది మీ తప్పు కాదు కనుక.

కానీ ఒక్కటి మాత్రం మింగుడుపడటం లేదు. నాయనమ్మ ఉత్తరంలోని నాలుగు వరుసలను ఆ ఫొటో పక్కన మీ మీదకు దించాలని, లేజర్ ప్రింటును తిరగేసి తీయించి, మీ మీద బోర్లించి, చెంచా వీపుతో రుద్ది, తడిపి, కాగితాన్ని వేలికొసలతో ఒలుస్తూ నెల రోజులు తిప్పలు పడితే, మీరు 'చిరంజీవి'లో 'చి' తప్ప మరొక అక్షరం పట్టలేదు. అదే మీరు నిన్న, చిత్రానికి చుట్టిన దినపత్రికలోని స్థలాల ప్రకటనను, ఎవరూ రుద్దకుండానే, ఒత్తు పోకుండా, గజం ధరతో సహా నాయనమ్మ చెంప మీద అచ్చు వేసుకున్నారు. అద్దం ముందు పెడితే వాయిదాల వివరాలు కూడా చదువుకోవచ్చు.

అమెరికా చిత్రకారుడు జాస్పర్ జాన్స్ 1954–55లో వార్తాపత్రిక ముక్కలను మీలో ముంచి అమెరికా జెండా వేస్తే అది న్యూయార్కు మ్యూజియానికెక్కింది. ఆయన కావాలని వేసుకున్నాడు, నేను అడిగానా? ఎవరి ముఖం మీద ఏం రాస్తున్నావో చూసుకోవద్దా? బతికినన్నాళ్ళూ సెంటు భూమి లేక అద్దె ఇళ్ళు మారిన మనిషి చెంప మీద ఓపెన్ ప్లాట్లా? సిగ్గు లేదూ నీకు?

క్షమించండి. ఉదయం బ్లేడుతో గీకడానికి కూర్చున్నాను. ధర పోయింది, ఫోన్ నంబరు పోయింది. 'తూర్పు ముఖం' అన్న రెండు మాటలు మాత్రం కంటి కింది ముడతల్లోకి దిగిపోయి, ఊడి రాలేదు. హీట్ గన్ దగ్గరకు తేగానే గదంతా తేనె వాసన నిండింది, నా చెయ్యి ఆగిపోయింది. ఆ ఫొటో తీసింది పొద్దుటి ఎండలో, తూర్పు అరుగు మీద.

తమరిని మరో అర కిలో తెప్పిస్తున్నాను. ఈసారి చుట్టేది బేకింగ్ కాగితం, ప్రయాణం రాత్రిపూట.

ఇట్లు,
తమ విధేయుడు