ఉప్పల్ స్తంభాల స్థలపురాణం

హైదరాబాద్ నుంచి వరంగల్ వైపు పోయే జాతీయ రహదారికి 163 అని నంబరు ఇచ్చినవారు చరిత్ర తెలిసే ఇచ్చారో, అది కాకతాళీయమో నేను చెప్పలేను గాని, ఆ దారిలో హనుమకొండలో కనిపించే వేయిస్తంభాల గుడిని రుద్రదేవుడు కట్టించింది 1163లో. రెండు సంఖ్యలకూ తేడా సరిగ్గా వెయ్యి. ఆ లోటు పూడ్చాలన్న సదుద్దేశంతోనే కాబోలు, మన ప్రభుత్వాలు అదే రహదారి మొదట్లో, ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 6.2 కిలోమీటర్ల పొడవున, రోడ్డుకు నట్టనడుమ స్తంభాలు నాటాయి. పైకప్పు సంగతి తరువాత చూద్దామనుకున్నాయి. ఆ ‘తరువాత’ కోసమే మేమంతా కింద నిలబడి పైకి చూస్తున్నాం.

ఆ స్తంభాల మీదికి రావలసిన ఫ్లైఓవర్ అధికారిక నామధేయం ఎలివేటెడ్ కారిడార్. పని 2018లో మొదలైంది, 2020 నాటికి పూర్తి కావలసింది. 2020లో కరోనా వచ్చింది కనుక ఎవరూ ఏమీ అనలేదు. ఆ తరువాత కరోనాకు టీకా కనిపెట్టారు, దేశమంతటా వంద కోట్ల డోసులు వేశారు, మాస్కులు తీసేశారు, మనుషులు పరస్పరం కౌగిలించుకోవడం మళ్లీ మొదలుపెట్టారు. ఒక స్తంభమూ దాని పక్క స్తంభమూ మాత్రం చాలాచోట్ల ఇంకా భౌతిక దూరం పాటిస్తూనే ఉన్నాయి. కొన్నిచోట్ల పైభాగం పడిన మాట నిజమే. మిగతాచోట్ల ఇనుప చువ్వలు ఆకాశంలోకి చేతులు చాచి, ఏ దేవుడినో వేడుకుంటున్నట్టు, ఏళ్ల తరబడి తుప్పు పడుతున్నాయి. పని మొదలైన ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి పోయి ఎక్కాలు వల్లిస్తున్నారు. వారికి ఫ్లైఓవర్ అంటే ఏమిటని అడిగితే, కింద దుమ్ము, పైన ఆకాశం, నడుమ స్తంభం ఉండే నిర్మాణమని చెబుతారు, మార్కులు వేయక తప్పదు.

తొందరపడి నిందించవద్దని నాకు నేనే నచ్చజెప్పుకుంటూ ఉంటాను. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్నే తీసుకోండి. జీర్ణోద్ధరణ కోసం రాళ్లన్నీ విప్పి, తిరిగి పేర్చి, 2024 మహాశివరాత్రి నాడు జనానికి తెరిచేసరికి దాదాపు పద్దెనిమిదేళ్లు పట్టింది. ఎనిమిదిన్నర శతాబ్దాల నాటి రాళ్లకే పద్దెనిమిదేళ్లు కావలసివచ్చినప్పుడు, నిన్నగాక మొన్న కలిపిన కాంక్రీటుకు ఎన్నేళ్లు ఇవ్వాలో లెక్క కట్టే శక్తి నాకు లేదు. త్రైరాశికం ప్రకారం చూస్తే మనమింకా ముందే ఉన్నట్టు తేలినా ఆశ్చర్యపోను.

ఈ స్తంభాల వల్ల విద్యారంగానికి ఒనగూడగల మేలు మాత్రం ఎవరూ గుర్తించడం లేదు. ఊహించుకోండి. నగరంలోని ఒక బడివారు పిల్లలను వేయిస్తంభాల గుడికి విహారయాత్ర తీసుకుపోతున్నారు. తెల్లవారుజామున బయలుదేరిన బస్సు ఉప్పల్ రింగురోడ్డు దాటి, డిపో దగ్గరికి వచ్చి, ఆగింది. కిటికీ పక్క కూర్చున్న పిల్లవాడు బయటికి తొంగిచూసి, “సార్, గుడి వచ్చేసిందా?” అని అడిగాడు. రాలేదని సాంఘిక శాస్త్రం మాస్టారు నవ్వారు. పావుగంట గడిచినా బస్సు కదలలేదు. “సార్, మరి ఈ స్తంభాలు ఎవరు కట్టించారు?” అని ఇంకొక పిల్ల అడిగింది. మాస్టారు కాసేపు ఆలోచించి, కేంద్రమని కొందరు, రాష్ట్రమని కొందరు, గుత్తేదారని కొందరు అంటారనీ, ఈ విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదనీ జవాబిచ్చారు. పిల్లలు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. బోడుప్పల్ దగ్గరికి వచ్చేసరికి టిఫిన్లు అయిపోయాయి. పీర్జాదిగూడ దగ్గర ఒకడు స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, ఇంకొకడు అంకెలు తప్పాడని వాడితో గొడవపడ్డాడు, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టారు. అందుకు సమయం పుష్కలంగా ఉంది. మేడిపల్లి దగ్గర, మధ్యాహ్నానికని తెచ్చుకున్న పులిహోర పొట్లాలు విప్పారు. అప్పుడు డ్రైవరు స్టీరింగు మీద గడ్డం ఆనించి, “సార్, గాడికి పోయినా స్తంభాలే గదా సూసేది. గీడ్నే సూపియ్యుండ్రి, మలుపుకొని ఇంటికి పోదాం” అన్నాడు. మాస్టారికి ఆ మాట శిలాశాసనమంత సత్యంగా తోచింది. ఆయన లేచి నిలబడి, కిటికీలోంచి చెయ్యి చూపిస్తూ, కాకతీయుల స్తంభాలకూ వీటికీ గల ప్రధాన భేదాన్ని వివరించారు: అవి నునుపైన నల్లరాతివి, తాకితే అద్దంలా ఉంటాయి, ఇవి తాకరాదు, చువ్వలు గుచ్చుకుంటాయి. అక్కడ శివుడు, విష్ణువు, సూర్యుడు కొలువై ఉంటారు; ఇక్కడ చివరివాడొక్కడే, అదీ మే నెలలో. గుడి కట్టినవాడి పేరు శాసనంలో ఉంది; ఇక్కడ కట్టేటంతవరకు అందరి పేర్లూ శిలాఫలకం కోసం పోటీపడతాయి, ఎందుకు కట్టలేదని అడిగినప్పుడు ఒక్కరి పేరూ దొరకదు. బస్సు నారపల్లి దాకా పోయి, పొద్దుగూకుతుండగా వెనక్కి మళ్లింది. మరునాడు పరీక్ష పెడితే అందరికీ నూటికి నూరు వచ్చాయి.

శిలాఫలకం ప్రస్తావన వచ్చింది గనుక అడుగుతున్నాను. హైదరాబాద్ చుట్టూ పాలకులకు ఉన్న ఉంగరాల మోజు ఏమిటి? లోపల ఇన్నర్ రింగురోడ్డు, దాని బయట 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు, దానికీ బయట, ఇంకో 340 కిలోమీటర్ల పైచిలుకు ప్రాంతీయ రింగురోడ్డు రాబోతోంది. పెళ్లికూతురి వేలికైనా ఇన్ని ఉంగరాలు తొడగరు. ఔటర్ మంచి రోడ్డే, నేను కాదనను. ఎనిమిది వరుసలు, గంటకు 120 కిలోమీటర్ల వేగం. దానిని 2023లో ముప్పై ఏళ్ల పాటు టోలు వసూలుకు 7,380 కోట్లకు లీజుకిచ్చారు కూడా. అయితే వలయం ఎంత గొప్పదైనా, అది నగరాన్ని చుట్టి వస్తుందే గాని నగరంలోకి రాదు. ఘట్‌కేసర్‌లో ఔటర్ దిగిన మనిషి ఇంటికి చేరాలంటే, బండిచక్రంలో అంచునూ నడిమి కుండనూ కలిపే ఆకు లాంటి దారి ఒకటి కావాలి. బండిచక్రానికి అంచు ఒక్కటే ఉంటే చాలదని మా ఊరి వడ్రంగికి తెలుసు. ఆ ఆకు దగ్గరే చేతులెత్తేశారు. ఔటర్ మీద నిమిషానికి రెండు కిలోమీటర్లు పోయిన కారు, కిందికి దిగి నారపల్లి చేరాక ఎద్దుబండికి దారి ఇవ్వమని బతిమాలుకుంటుంది. వలయం చుట్టూ ప్లాట్లు అమ్ముడుపోతాయి, కొత్త వలయం ఎటు పోతుందో ముందుగా తెలిసినవాడి ఎకరా ధర పెరుగుతుంది. ఆకు వెంట ఎవరున్నారు? బోడుప్పల్ అద్దె ఇంట్లో ఉండి రోజూ పనికి పోయి వచ్చేవాడు. అతని దగ్గర భూమి లేదు, బస్సు పాసు ఉంది.

ఉప్పల్ చౌరస్తాలో 2023లో పాదచారుల కోసం గుండ్రటి స్కైవాక్ తెరిచారు, చూడముచ్చటగా ఉంది. దానిమీద నిలబడి వరంగల్ దిక్కుకు చూస్తే, గాలిలో నడవగలిగిన మనిషికీ నేలమీద కదలలేని బస్సుకూ మధ్య నాగరికత ఎంత ఎత్తున ఉందో తెలుస్తుంది. అదే ఏడాది ఈ స్తంభాల మీద, ఈ ఫ్లైఓవర్ ఇంకా ఎన్నేళ్లు కడతారని ప్రధానమంత్రిని ప్రశ్నిస్తూ పోస్టర్లు వెలిశాయి. ఆ విధంగా స్తంభాలు ప్రజాజీవితానికి మొదటిసారి ఉపయోగపడ్డాయి. ఆ ఏడాది చివర రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, పోస్టర్లు చిరిగాయి. కేంద్రం రాష్ట్రం వైపు, రాష్ట్రం కేంద్రం వైపు, ఇద్దరూ కలిసి గుత్తేదారు వైపు వేలు చూపించే ఆచారం మాత్రం ప్రభుత్వం మారినా చెక్కుచెదరలేదు. మూడు వేళ్లూ ఒకేసారి కిందికి దింపి, ఒక్క తాపీ పట్టుకుని ఉంటే ఈపాటికి బండ్లు తిరిగేవి.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, భువనగిరి నుంచి, యాదగిరిగుట్ట నుంచి, జనగామ నుంచి రోగులను హైదరాబాద్ పెద్దాసుపత్రులకు తీసుకువచ్చే అంబులెన్సులు ఈ దారినే వస్తాయి. స్తంభాలు రోడ్డు నడుమ చోటంతా ఆక్రమించాక అటూ ఇటూ మిగిలిన ఇరుకులో, లారీకీ ఆర్టీసీ బస్సుకూ మధ్య ఆ సైరను అరుస్తూ నిలబడిపోవడం మీరు ఎప్పుడైనా విన్నారా? దారి ఇవ్వాలని అందరికీ ఉంటుంది, ఇవ్వడానికి దారి ఉండదు. వానాకాలంలో ఏది గుంతో ఏది రోడ్డో తెలియని నీళ్లలో, వెనుక భార్యను, ముందు పసిబిడ్డను కూర్చోబెట్టుకుని బండి నడిపేవాడి రెండు కాళ్లూ నేల వెతుక్కుంటూ ఉంటాయి. మధ్యలో తారు పోసి పూడ్చారు, కాదనను. ముందు అన్నేళ్లు ఎందుకు పూడ్చలేదో చెప్పినవాడు లేడు. దుకాణాల ముందు ఏళ్ల తరబడి దుమ్ము తప్ప బేరం లేక అద్దె కట్టలేక మూసుకున్నవాడికి ఎవరు నష్టపరిహారం ఇచ్చారు? ఆలస్యమైన ప్రతి ఏటికీ ఎవరి జీతం తెగింది, ఎవరి పదోన్నతి ఆగింది? ఏ ఒక్కరిదీ కాదు. సిగ్గు అనే పదార్థానికి కూడా టెండరు పిలవవలసిన పరిస్థితి వచ్చింది. పిలిచినా ఎవరూ దాఖలు చేయరు. అన్నట్టు, ఇదే దారిలో బీబీనగర్ దాటాక గూడూరు టోలుగేటు ఉంది. అది ఒక్కరోజు కూడా ఆలస్యం కాదు.

ప్రాంతీయ రింగురోడ్డు భువనగిరి ప్రాంతంలో ఈ 163వ నంబరు రహదారిని దాటుతుందని వింటున్నాం. మంచిదే. ఆ పనులు చూడడానికి ఏదో ఒకరోజు పెద్దలు రాక తప్పదు కదా. ఉప్పల్ వాసుల తరఫున నాది ఒకటే విన్నపం: దయచేసి హెలికాప్టరులో రావద్దు. ముందు పైలట్ బండ్లు, వెనుక పోలీసులు లేకుండా, ఉదయం తొమ్మిదింటికి, ఉప్పల్ డిపో దగ్గర మామూలు సిటీ బస్సు ఎక్కండి. కొబ్బరికాయ, పలుగు, పార మేమే సర్దుతాం. ముహూర్తం దాటిపోతుందేమోనన్న భయం వద్దు, పంతులుగారిని కూడా అదే బస్సులో కూర్చోబెడతాం. మేడిపల్లి వచ్చేసరికి ఆకలవుతుంది, పులిహోర పొట్లాలు కట్టించి ఉంచుతాం.