కాంకేలో రెండు ఆసుపత్రులు

రాంచీ పక్కన కాంకేలో రెండు మానసిక వైద్యశాలలు ఇరుగుపొరుగునే ఉన్నాయి. 1918లో తెరిచింది తెల్లవాళ్లకూ ఆంగ్లో ఇండియన్లకూ. 1925లో తెరిచింది మనవాళ్లకు. మొదటిదాన్ని ఏళ్ల తరబడి ఏలిన ఓవెన్ బర్కిలీ-హిల్ మనోవిశ్లేషణ చెప్పిన ఫ్రాయిడ్ బాట పట్టి, హిందువుల స్వభావం మీద ఇవాళ చదివితే ఒళ్లు మండే వ్యాసం అచ్చేశాడు. ఆత్మకథా రాసుకున్నాడు. అందుకే చరిత్రలో నిలిచాడు. రెండోదాన్ని పదిహేనేళ్లు నడిపిన పార్సీ డాక్టరు జల్ ఎదుల్జీ ధంజీభాయ్ పేరు మాత్రం మన వైద్య విద్యార్థుల్లో ఎందరు విన్నారో అనుమానమే.

ఆయన చేతిలో ఉన్నది వెయ్యికి పైగా రోగులున్న ఆసుపత్రి. మానసిక రోగుల కోసం వచ్చిన 1912 నాటి చట్టం ప్రకారం చాలామంది మేజిస్ట్రేటు ఉత్తర్వుతో వచ్చినవాళ్లే. వైద్యం కన్నా కాపలాకే పుట్టిన ఏర్పాటు అది. అలాంటి చోట నేత, తోటపని, ఆటలు చికిత్సలో భాగమయ్యాయి. విదేశాల్లో వచ్చిన కొత్త పద్ధతులూ కాంకే చేరాయి. కార్డియజాల్ సూదితో మూర్ఛ తెప్పించే భయంకర చికిత్స కూడా అందులో ఒకటి. ఆ రోజుల్లో ప్రపంచమంతా దాన్నే నమ్మింది, ఆయనా నమ్మాడు. గంజాయి తెచ్చే ఉన్మాదం గురించి 1930లో లండన్ పత్రికలో రాసిందీ ఆనాటి వలస వైద్యపు చూపుతోనే. ఆయన్ను దేవుణ్ణి చేయనక్కర్లేదు. పని చేసిన మనిషిగా గుర్తిస్తే చాలు.

1920ల మొదట్లోనే అసైలం, అంటే పిచ్చాసుపత్రి, అనే మాటను సర్కారు బోర్డుల మీంచి చెరిపేసింది. మన నోట్లోంచి అది పోలేదు. ఎర్రగడ్డ, విశాఖ ఆసుపత్రుల పేర్లు నేటికీ తిట్లే, సినిమాల్లో నవ్వులాటే. గొలుసులూ పోలేదు. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన చోట మంటలు చుట్టుముట్టినప్పుడు కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. గొలుసు వేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. అయితే ఊళ్లలో తనిఖీ చేసేదెవరు?

రెండు తెలుగు ప్రభుత్వాలనూ మేము కోరేది పెద్దదేమీ కాదు. విశాఖ, ఎర్రగడ్డల్లోని పాత రిజిస్టర్లు చెదలపాలు కాకముందే, రోగుల వివరాలు బయటపడకుండా భద్రపరచండి. అక్కడ పనిచేసిన డాక్టర్లు, నర్సులు, వార్డుబాయిల చరిత్ర రాయించండి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి గది ముందు తలదించుకుని నిలబడే మనిషికి, ఆ గది వెనుక వందేళ్ల శ్రమ ఉందని తెలియనివ్వండి.