ఇద్దరూ రెప్ప వాల్చారు

1962 అక్టోబరు 27, శనివారం. రాత్రి ఎనిమిది కావస్తోంది. వాషింగ్టన్‌లోని న్యాయశాఖ కార్యాలయంలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరు అమెరికా అటార్నీ జనరల్, అధ్యక్షుడికి స్వయానా తమ్ముడు రాబర్ట్ కెనెడీ. రెండోవారు సోవియట్ రాయబారి అనతోలీ దోబ్రినిన్. క్యూబాలో సోవియట్ యూనియన్ పెట్టిన అణు క్షిపణుల మీద రెండు దేశాలూ యుద్ధం అంచున ఉన్నాయి. ఆ రోజే క్యూబా మీద అమెరికా యూ-2 గూఢచారి విమానం కూలింది, పైలట్ రుడాల్ఫ్ ఆండర్సన్ చనిపోయాడు. బాంబులు వేయాల్సిందేనని సైన్యాధికారులు పట్టుబడుతున్నారు. రాబర్ట్ చాలా కలవరంగా ఉన్నాడని, అతణ్ని అలా ఎప్పుడూ చూడలేదని దోబ్రినిన్ ఆ తర్వాత మాస్కోకు పంపిన తంతిలో రాశాడు.

అక్కడ కుదిరింది అచ్చమైన బేరం. మీరు క్యూబా నుంచి క్షిపణులు తీసేయండి, మేం ఆ దేశం మీద దండెత్తబోమని మాటిస్తాం. టర్కీలో ఉన్న మా జూపిటర్ క్షిపణులను కూడా నాలుగైదు నెలల్లో ఎత్తేస్తాం. ఒక్కటే షరతు, ఈ టర్కీ సంగతి బయటికి పొక్కకూడదు.

మర్నాడు క్షిపణులు వెనక్కి తీసుకుంటున్నట్టు మాస్కో రేడియో ప్రకటించింది. 1963 ఏప్రిల్‌కల్లా టర్కీలోని 15 జూపిటర్లూ చడీచప్పుడు లేకుండా మాయమయ్యాయి. అవి కాలం చెల్లినవని, వాటి బదులు పొలారిస్ జలాంతర్గాములు వస్తున్నాయని పైకి చెప్పారు. పాపం, బేరం కుదిరేముందు టర్కీని మాటవరసకైనా అడిగినవాళ్లు లేరు.

క్యూబా క్షిపణి సంక్షోభం అని పేరుపడ్డ ఆ 13 రోజుల కథ పాఠకులకు కొత్తేమీ కాదు. కొత్తగా చూడాల్సింది ఆ తర్వాత అల్లిన కథనే. ఎదురెదురుగా కళ్లలో కళ్లు పెట్టి చూసుకున్నామని, అవతలివాడే రెప్ప వాల్చాడని విదేశాంగమంత్రి డీన్ రస్క్ అన్న మాట చరిత్రకెక్కింది. మా తరం చదువుకున్న పాఠాల్లోనూ అదే సారాంశం: అధ్యక్షుడు కెనెడీ గట్టిగా నిలబడ్డాడు, సోవియట్ నేత కృశ్చేవ్ తోక ముడిచాడు. ప్రచ్ఛన్న యుద్ధంలో పశ్చిమ దేశాలు చెప్పుకొనే గొప్ప గెలుపుల్లో ఇదొకటి. నిజానికి అది గెలుపు కాదు, ఇచ్చిపుచ్చుకోలు. ఇద్దరూ రెప్ప వాల్చారు. ఒకరిది లోకం చూసింది, ఇంకొకరిది తెరచాటున జరిగింది.

గుట్టు కాపాడటానికి ఎంతదూరం వెళ్లారో చూడండి. బేరాన్ని ప్రస్తావిస్తూ కృశ్చేవ్ రాసిన ఉత్తరాన్ని దోబ్రినిన్ తెచ్చి ఇస్తే, రాబర్ట్ దాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టేశాడు. ఇలాంటి కాగితం ఎప్పటికైనా బయటపడితే తన రాజకీయ భవిష్యత్తుకు కోలుకోలేని దెబ్బ అని దాచకుండా చెప్పాడట. రక్షణమంత్రి మెక్‌నమారా 1963లో కాంగ్రెస్ కమిటీ ముందు ఏ బేరమూ జరగలేదని సాక్ష్యం ఇచ్చాడు.

అన్నిటికంటే నీచంగా అనిపించేది అడ్లాయ్ స్టీవెన్సన్‌కు చేసిన మర్యాద. ఐక్యరాజ్యసమితిలో అమెరికా ప్రతినిధి ఆయన. అంతర్గత చర్చల్లో టర్కీ క్షిపణుల మార్పిడి గురించి ముందే ఆలోచించమన్నాడు. డిసెంబరులో సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. స్టీవెన్సన్ మరో మ్యూనిక్ కోరుకున్నాడని, అంటే హిట్లర్ ముందు వంగిన చాంబర్లేన్‌లాంటి పిరికివాడని దాని సారం. రాసిన ఇద్దరిలో ఒకరు అధ్యక్షుడి ఆప్తమిత్రుడు చార్లెస్ బార్ట్‌లెట్. సలహా ఇచ్చినవాడేమో పిరికివాడయ్యాడు, ఆ సలహానే గుట్టుగా అమలు చేసినవాడు వీరుడయ్యాడు.

ఈ వాదనకు ఎదురు వాదన ఉంది, అది తీసిపారేయదగ్గదీ కాదు. క్యూబా చుట్టూ అమెరికా నౌకాదళ దిగ్బంధం లేకపోతే, అణ్వస్త్రాల్లో అమెరికాకు అప్పుడున్న భారీ ఆధిక్యం లేకపోతే కృశ్చేవ్ దిగొచ్చేవాడు కాదంటారు. పైగా రాబర్ట్ మాట మాస్కో చేరేసరికే వెనక్కి తగ్గాలని కృశ్చేవ్ దాదాపు తేల్చుకున్నాడన్నది కూడా పత్రాల్లో ఉంది. సరే, ఒప్పుకుందాం. ఒత్తిడి తలుపు తట్టి ఉండొచ్చు. మరి కెనెడీ సంగతో? టర్కీ మార్పిడి చాలామందికి న్యాయంగానే కనిపిస్తుందని ఆయన ఆ శనివారం సమావేశంలో అన్న మాటలు టేపుల్లో ఉన్నాయి. అవసరమైతే ఐక్యరాజ్యసమితి చేత ఆ ప్రతిపాదన బహిరంగంగా చేయించడానికి దారి కూడా సిద్ధం చేసుకున్నట్టు 1987లో రస్కే బయటపెట్టాడు. అవతలివాడి రెప్ప కోసం చూస్తూ కూర్చున్న మనిషి చేసే పనులా ఇవి?

అబద్ధానికి ధర ఎవరు కట్టారన్నదే నన్ను వదలని ప్రశ్న. ఆ రాత్రి ఓవల్ ఆఫీసులో బేరం ఖరారు చేసిన గుప్పెడుమందిలో ఉపాధ్యక్షుడు లిండన్ జాన్సన్ లేడు. ఏడాది తిరిగేసరికి ఆయనే అధ్యక్షుడు. గట్టిగా నిలబడితే కమ్యూనిస్టులు దిగివస్తారన్న కథ ఒక్కటే ఆయనకు మిగిలిన పాఠం. 1965 మార్చి నుంచి ఉత్తర వియత్నాం మీద బాంబులు కురిశాయి. హనోయ్ రెప్ప వాల్చలేదు. 58 వేలమంది పైచిలుకు అమెరికన్లు, లక్షలాది వియత్నామీయులు పోయారు. మెక్‌నమారాకు అసలు సంగతి తెలుసు కదా అంటారా? తెలుసు, అదే విడ్డూరం. తానే చెప్పిన అబద్ధాన్ని తానే నమ్మినట్టున్నాడు.

అటు పక్క నష్టం ఇంకో రకం. టర్కీ నుంచి క్షిపణులు పోయాయని కృశ్చేవ్ సొంత జనానికి చెప్పుకోలేకపోయాడు. తనకు మాటైనా చెప్పకుండా క్షిపణులు తీసుకుపోతున్నారని క్యూబా నేత కాస్ట్రో రగిలిపోయాడు. 1964 అక్టోబరులో క్రెమ్లిన్ సహచరులు కృశ్చేవ్‌ను దించేసినప్పుడు క్యూబా దుస్సాహసం కూడా అభియోగాల్లో ఒకటి. వచ్చినవాళ్లు మళ్లీ ఇలాంటి అవమానం పడకూడదని క్షిపణుల మీద క్షిపణులు పేర్చారు. బేరాన్ని బేరంగా చెప్పి ఉంటే ఆ పోటీ ఆగేదని నేను అనను, కానీ దానికి అంత కసి ఉండేది కాదు.

మన కోర్టుల ముందు లోక్ అదాలత్ వాళ్లు ‘రాజీ మార్గమే రాజమార్గం’ అని బోర్డులు కడతారు. గట్టు తగాదాకు పనికొచ్చే ఆ మాట సరిహద్దు తగాదాకు వచ్చేసరికి బూతైపోతుంది.

ఆ అక్టోబరు మనదీ కదా. లోకమంతా క్యూబా వైపు చూస్తుండగా, 20వ తేదీ తెల్లవారుజామున ఈశాన్య సరిహద్దులోని నమ్కాచూ నది గట్టున ఉన్న మన 7వ బ్రిగేడ్ మీద చైనా విరుచుకుపడింది. రెండేళ్ల ముందు, 1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చి, సరిహద్దులో తూర్పున మీ హక్కు మేం ఒప్పుకుంటాం, పడమట మా హక్కు మీరు ఒప్పుకోండి అన్న ధోరణిలో మాట్లాడాడు. అది ఒప్పుకోదగ్గదా కాదా అన్నది వేరే చర్చ. కానీ 1959 నుంచే రెండు ప్రభుత్వాల ఉత్తరాలను శ్వేతపత్రాలుగా అచ్చువేసి పార్లమెంటు ముందు పెట్టిన నెహ్రూకు, బేరం గురించి ఆలోచించడానికి కూడా చోటు మిగల్లేదు. కెనెడీ బేరమాడి దాచాడు. నెహ్రూ ముందే అన్నీ పరిచి బేరమాడలేకపోయాడు.

అమెరికా కనీసం తన గుట్టు విప్పింది. రాబర్ట్ పేరుతో వచ్చిన పుస్తకంలో బేరం ప్రస్తావనను తానే మెత్తబరిచానని కెనెడీ ప్రసంగ రచయిత సోరెన్సన్ 1989లో మాస్కో సదస్సులో ఒప్పుకున్నాడు. టేపులు వచ్చాయి, దోబ్రినిన్ తంతులు వచ్చాయి. చైనా చేతిలో మన ఓటమి మీద సైన్యాధికారులు హెండర్సన్ బ్రూక్స్, పి.ఎస్. భగత్ 1963లో ఇచ్చిన నివేదిక మాత్రం రహస్యంగానే ఉంది. 2014లో దాన్లో కొంత భాగాన్ని ఒక విదేశీ జర్నలిస్టు ఇంటర్నెట్‌లో పెడితే చదువుకున్నాం. అందులోని విషయాలు ఇప్పటికీ సైనికంగా సున్నితమైనవేనని 2010లో రక్షణమంత్రి ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. అప్పటికి యుద్ధం జరిగి 48 ఏళ్లు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, బీరువా తాళం మారలేదు.

టర్కీలో ఎన్ని క్షిపణులున్నాయో, ఏ నెలలో తీశారో కరీంనగర్‌లో కూర్చున్న కాలేజీ కుర్రాడు ఇవాళ ఫోన్‌లో చూసి చెప్పగలడు. ఆ అక్టోబరులో నమ్కాచూ గట్టున చలి దుస్తులైనా సరిగా లేని జవాన్లను ఎవరి మాట మీద నిలబెట్టారని అడిగితే, అధికారికంగా అతనికి చూపించే కాగితం లేదు.