జిమ్మీ మెడకో డోలు

జిమ్మీ అనే పాత సైనిక లారీ ఉండి, దాని మూతికి వించ్ (ఉక్కు తాడు చుట్టుకుంటూ బరువు లాగే యంత్రం) లేనివాడికి నిద్ర పాడవాలంటే పాత బళ్ళ పరేడ్‌లో వించ్ ఉన్న జిమ్మీ ఒకటి పక్కన వచ్చి ఆగితే చాలు. అప్పటిదాకా సింహంలా అనిపించిన సొంత బండి మూతి ఉన్నట్టుండి బోసిపోతుంది. ఇంటికొచ్చి బంపర్ ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఇక్కడ ఏదో ఉండాలి" అంటాడు ఆ యజమాని. ఇంట్లోవాళ్ళు అప్పుడే జాగ్రత్త పడాలి. పడరు.

జిమ్మీ అంటే జీఎంసీ సీసీకేడబ్ల్యూ 353. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం సామాను మోసిన రెండున్నర టన్నుల లారీ. 1941 నుంచి 1945 దాకా ఈ వంశంలోని రకాలన్నీ కలిపి అయిదున్నర లక్షలకు పైగా తయారయ్యాయి. 1944లో ఫ్రాన్సులో రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ పేరుతో పెట్రోలూ తూటాలూ మోసింది ఎక్కువగా ఇవే. మన అస్సాంలోని లెడో నుంచి బర్మా కొండల్లోకి వేసిన రోడ్డు మీద బురద తిన్నవీ ఇవే. వీటిలో కొన్నింటికి ఫ్యాక్టరీలోనే ముందు వించ్ బిగించారు. పదివేల పౌన్లు, అంటే నాలుగున్నర టన్నుల లాగుడు. మిగతావి వించ్ లేకుండానే యుద్ధం చేసి గెలిచాయి. ఈ సంగతి మన యజమానికి ఎవరూ గుర్తు చెయ్యరు.

వించ్ అమ్మేవాడు ఎప్పుడూ ఒకే మాట చెబుతాడు. "నాలుగు బోల్టులండీ, ఒక్క సాయంత్రం పని." ఏ నాలుగో చెప్పడు. పని మొదలయ్యాక తెలిసే జాబితా వేరు: వించ్, దాన్ని మొయ్యడానికి ఛాసిస్ (బండి అడుగు చట్రం) కొనలకు బిగించే రెండు పొడిగింపు ముక్కలు, వాటి ముందు కూర్చునే బంపర్, గేరుబాక్సు పక్కన తగిలించే పీటీవో (ఇంజను బలాన్ని వించ్ వైపు మళ్ళించే చిన్న గేరుపెట్టె), అక్కణ్ణుంచి ఇంజను పక్కగా ముందుకు వచ్చే షాఫ్టు, దాని జాయింట్లు, క్యాబిన్‌లో లీవరు, దాని కడ్డీలు, చివరికి కొక్కెంతో ఉక్కు తాడు. ఇందులో వించ్ ఒక్కటే అమ్మకానికి సులభంగా దొరుకుతుంది. ఎందుకంటే మిగతావి దొరక్క విసిగిపోయినవాడే దాన్ని అమ్ముతున్నాడు. పీటీవో, షాఫ్టు చేతికి వచ్చేదాకా వించ్ కొనకపోవడం ఉత్తమం. ఈ సలహా విన్నవాడు ఇంతవరకు కనబడలేదు.

ముందు పాత బంపర్ ఊడదియ్యాలి. ఎనభై ఏళ్ళ బోల్టులకు ఒక ధర్మం ఉంది: దాచుకోవాలనుకున్నది పుటుక్కున తెగుతుంది, తెగ్గొట్టాలనుకున్నది కదలదు. తుప్పు వదిలించే నూనె ముందు రోజు సాయంత్రమే పోసి వదిలెయ్యాలి. పొద్దున నట్టును గ్యాస్ మంటతో వేడిచేసి, చల్లారుతుండగా పానా వెయ్యాలి. అప్పటికీ కదలకపోతే నట్టును ఉలితో చీల్చడమే. బోల్టు కొత్తది ఎలాగూ కొనాలి, దాని మీద జాలి అనవసరం. ఆఖరి బోల్టు తీసేముందు బంపర్ కింద జాకీ పెట్టాలి. పెట్టనివాళ్ళను కుంటుకుంటూ నడిచే తీరునుబట్టి గుర్తుపట్టవచ్చు.

పొడిగింపు ముక్కలు ఛాసిస్ కొనలకు ఆనించగానే అసలు వినోదం మొదలవుతుంది. ఒకవైపు అన్ని చిల్లులూ కలుస్తాయి. రెండోవైపు ఒక్కటీ కలవదు, పావు అంగుళం తేడా. ముక్క తప్పు కాదు. బండి మూతే వంకర. ఎనభై ఏళ్ళలో అది ఏ చెట్టును పలకరించిందో, ఏ గేటును తోసిందో ఎవరికి తెలుసు? అందుకే ముక్కలు ఆనించక ముందే రెండు ఛాసిస్ కొనల నుంచి ఐమూలగా వెనకున్న అడ్డకమ్మీ దాకా దారం పట్టి కొలవాలి. రెండు కొలతలూ సమానంగా ఉంటే మూతి నిటారు. లేకపోతే ముందు దాన్ని సరిచెయ్యాలి.

యజమాని అలా చెయ్యడు. డ్రిల్లు తీసి చిల్లును కోడిగుడ్డు ఆకారానికి తెస్తాడు. బోల్టు హాయిగా దూరుతుంది, లాగుడు పడ్డ రోజు అంతే హాయిగా అటూ ఇటూ జరుగుతుంది. చెయ్యాల్సింది ఇది: మొన తేలిన కడ్డీ ఒకటి చిల్లుల్లో దూర్చి వాటిని వరసకు లాగాలి. బోల్టులన్నీ చేతివేళ్ళతో మాత్రమే తిప్పి వదలాలి. వించ్, బంపర్ కూడా తమతమ చోట్ల కూర్చున్నాకే ఒక చివర నుంచి పానా పట్టాలి. మొదటి బోల్టునే గట్టిగా బిగించి మురిసిపోయినవాడు చివరి బోల్టు దగ్గర దాన్ని మళ్ళీ వదులు చేస్తాడు. ఛాసిస్ మీద వెల్డింగు మాటే ఎత్తకూడదు. అతుకు గట్టిగానే ఉంటుంది, దాని పక్కన వేడికి బలం మారిన ఇనుము పగులుతుంది.

వించ్‌ను ఎత్తడం ఇద్దరి పని అనే మాట ఎక్కడ పుట్టిందో కాని, ఆ ఇద్దరి నడుములూ ఇప్పుడు డాక్టర్లకు బాగా పరిచయం. బరువు వందల కిలోల్లో ఉంటుంది, పట్టుకోవడానికి చోటుండదు. ఇంజన్లు ఎత్తే చిన్న క్రేను అద్దెకు తెచ్చుకుంటే చాలు. కాకపోతే దాని చెయ్యి మీద రాసిన అంకెలు చదవాలి. రెండు టన్నుల క్రేను అంటే చెయ్యి లోపలికి ముడిచినప్పుడు రెండు టన్నులు, పూర్తిగా చాచితే అరటన్ను. యజమాని మొదటి అంకె చదివి, చెయ్యి పూర్తిగా చాపి, క్రేను వెనక చక్రాలు గాల్లోకి లేస్తుంటే, "పక్కింటాయన్ని దానిమీద కూర్చోమనండి!" అని అరుస్తాడు. పక్కింటాయన మర్యాదస్థుడు, కూర్చుంటాడు కూడా.

బరువు కూర్చోగానే ముందు కమాన్ కట్టలు కిందికి దిగుతాయి. పగిలిన పట్టా ఏదైనా ఉంటే ఈ పూటే బయటపడుతుంది. పవర్ స్టీరింగ్ లేని బండి కనక మిగతా బరువు లెక్క యజమాని భుజాలు చెబుతాయి.

ఇక పీటీవో. గేరుబాక్సు పక్క మూత విప్పి అక్కడ తగిలించాలి. విప్పేముందు గేరాయిల్ దించెయ్యాలి. మరిచిపోయినవాడి చొక్కా చేతిలోంచి చంక దాకా వెచ్చగా పారి గుర్తు చేస్తుంది. మధ్యలో వేసే ప్యాకింగ్ మందమే ఈ పనికి ప్రాణం. పల్చనయితే పళ్ళు ఒకదాన్నొకటి అదిమి, ఇంజను తిరిగినంతసేపూ సన్నని ఏడుపు. మందమయితే పళ్ళు దూరమై కటకట. రెండు గేర్ల పళ్ళ మధ్య ఆట 0.15 నుంచి 0.30 మిల్లీమీటర్ల దాకా ఉండాలి, డయల్ గేజ్ పెట్టి చూడాలి. కన్నుతో చూసి "సరిపోయింది" అనే మాట ఇక్కడ చెల్లదు. బోల్టు చిల్లులు లోపలిదాకా ఉంటే మరలకు సీలెంట్ పూయాలి, లేకపోతే నూనె మర వెంట నడిచొచ్చి నేల మీద ముగ్గు పెడుతుంది. బోల్టు పొడవెక్కువైతే లోపల గేరుకు తగులుతుంది.

వించ్ లోపల నూనె విషయంలో మంచి మనసే కీడు చేస్తుంది. "పాతదైనా నాణ్యమైనదే పోద్దాం" అని ఖరీదైన జీఎల్-5 గేరాయిల్ పోస్తారు. వించ్‌లో వర్మ్ (మరలా మెలికలున్న గేరు) తిప్పే పళ్ళచక్రం కంచుది. ఆ నూనెలో ఒత్తిడికి కలిపే గంధకపు మందులు కంచును మెల్లగా తింటాయి. చవకబారు జీఎల్-1 రకం, కేవలం ఖనిజ నూనె, ఇక్కడ అమృతం.

షాఫ్టు బిగించేటప్పుడు రెండు చివరల యోక్‌లూ (జాయింటును పట్టుకునే చీలిక కొనలు) ఒకే వరసలో ఉండేలా చూడాలి. లేదంటే తిరిగేటప్పుడు బండి అంతా వణుకుతుంది, తప్పు పీటీవోదని దాన్ని మళ్ళీ విప్పుతారు.

ఇంతా అయ్యాక బంపర్ చివరి నాలుగు బోల్టులు. అమ్మినవాడు చెప్పినవి ఇవే కాబోలు! బిగించి, రెండడుగులు వెనక్కి జరిగి చూసుకుని, సంతోషంగా బండిని షెడ్డులోకి పోనిస్తాడు. తలుపు మూసుకోదు. వించ్ లేని జిమ్మీ పొడవు 256¼ అంగుళాలు. షెడ్డు లోపలి కొలత 22 అడుగులు, అంటే 264 అంగుళాలు. ఇన్నాళ్ళూ 7¾ అంగుళాలు మిగిలేవి. వించ్ పెట్టాక పొడవు 270⅛. ఇప్పుడు 6⅛ అంగుళాల బండి బయటే. తా దూర కంత లేదు, మెడకో డోలు. ఈ అంకెలు రెండూ సైన్యం మాన్యువల్లో మొదటి నుంచీ ఉన్నాయి, కానీ అది కొన్నది బొమ్మలు చూడ్డానికి. తలుపు సంగతి తేలేదాకా బంపర్ మీద టార్పాలిన్ కప్పుతారు. కప్పకపోతే వానలో మొదట తడిచేది లక్షణంగా రంగేసిన కొత్త బంపరే.

తాడు చుట్టడం దగ్గర జాగ్రత్త రెండింతలు ఉండాలి. తాడు డ్రమ్ము మీద ఏ వైపు నుంచి ఎక్కాలో మాన్యువల్ బొమ్మలో ఉంటుంది. తలకిందులుగా చుట్టినా తాడు చుట్టుకుంటుంది, విప్పుకుంటుంది, ఫోటోలో బాగుంటుంది. కాని వర్మ్ షాఫ్టు చివర ఒక చిన్న ఆటోమేటిక్ బ్రేకు ఉంటుంది. బరువు వెనక్కి జారకుండా పట్టేది అదే, పట్టేది ఒక్క దిక్కులోనే. తాడు తప్పువైపు ఎక్కితే ఆ బ్రేకు బరువును వదిలేసి, చుట్టుకునేటప్పుడు పట్టుకుంటుంది. కొత్త తాడును నేలమీద పరిచి, రెండో చివర ఇంకో బండికి కట్టి, దాన్ని కాస్త బిగువుగా లాగుతూ రమ్మని వరస పక్కన వరస కూర్చోబెట్టాలి. వదులుగా చుట్టిన పై వరస, బరువు పడగానే కింది వరసలోకి దిగబడి ఇరుక్కుంటుంది. ఎంత తాడు విప్పినా డ్రమ్ము మీద కనీసం అయిదు చుట్లు మిగలాలి. తాడును పట్టి ఉంచేది ఆ చుట్ల రాపిడే, చివరి బిగింపు కాదు. తోలు చేతితొడుగులు లేకుండా తాడును ముట్టకూడదు, విరిగిన పోగు సూదిలా దిగుతుంది.

చుట్టు మీద చుట్టు పెరిగేకొద్దీ డ్రమ్ము లావవుతుంది, లాగే బలం తగ్గుతుంది. పదివేల పౌన్లు మొదటి వరస లెక్క. ఎదుట ఇరుక్కున్నది ట్రాక్టరు, జిమ్మీ చక్రాలకు అడ్డాలు పెట్టలేదు అనుకోండి. వించ్ మాట తప్పదు, తాడు పొట్టి చేస్తుంది. ట్రాక్టరు అక్కడే ఉంటుంది, జిమ్మీ నెమ్మదిగా దాని దగ్గరికి వెళ్ళి బురదలో పక్కన కూర్చుంటుంది.

షాఫ్టుకూ వించ్‌కూ మధ్య ఒక మెత్తటి పిన్ను ఉంటుంది, మోతాదు మించితే తెగడమే దాని ఉద్యోగం. టప్‌మని తెగ్గానే జనం చెదిరిపోతారు, యజమాని అవమానపడతాడు. "నాసిరకం పిన్ను" అని తీర్మానించి, తల మీద ఆరు గీతలున్న గట్టి రకం గ్రేడ్ 8 బోల్టు అక్కడ దూరుస్తాడు. ఆ గ్రేడ్ 8 బోల్టులు నిజంగా కావాల్సిన పొడిగింపు ముక్కల దగ్గర మాత్రం పెట్టెలో దొరికిన, తల మీద ఏ గీతా లేని మెత్తటి బోల్టులు ఉంటాయి. తెగాల్సింది తెగదు, తెగకూడనిది సాగుతుంది. తరవాతి లాగుడులో తెగేవి కంచు పళ్ళు, వాటిని ఏ అంగడిలోనూ పొట్లం కట్టి ఇవ్వరు. మాన్యువల్ చెప్పిన కొలత పిన్నులు ఓ అరడజను, పిన్నును తట్టి తీసే పంచ్ ఒకటి, చిన్న సుత్తి ఒకటి క్యాబిన్‌లో ఉంచాలి. తెగిన పిన్ను సగం చిల్లులోనే ఇరుక్కుంటుంది. దాన్ని తట్టి తియ్యాలంటే బంపర్ కింద బురదలో వెల్లకిలా పడుకోవాలి. అప్పుడు పైనుంచి పక్కింటాయన అడుగుతాడు: "ఇది నాలుగు బోల్టుల పనే కదండీ?"