బతికిన కాలేజీ మన గడప ముందే

చిత్తూరు జిల్లా పెద్దవాళ్లను ఎవరినైనా కదిపి చూడండి. చిన్నప్పుడు మద్రాసు పోయి ఏం చూశారంటే రెండు మాటలు తప్పకుండా వస్తాయి: చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ. మొదటిది ఎగ్మూరు మ్యూజియం, రెండోది సెంట్రల్ స్టేషన్ పక్కనున్న జూ. ఆ పేర్లు ఎవరు పెట్టారో గానీ, అంత పొందికైన పేర్లు ఆ తర్వాత ఏ పర్యాటక శాఖా పెట్టలేకపోయింది. 1855లో మ్యూజియం ఆవరణలోనే మొదలైన ఆ జూ, పీపుల్స్ పార్కుకు మారి, నూరేళ్లు దాటాక 1985లో ఊరి బయట వండలూరుకు తరలిపోయింది.

రెండేళ్లు తిరిగేసరికి, 1987 సెప్టెంబరు 29న, మన తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల మొదలైంది. పిల్లకాయలను రైలెక్కించి మద్రాసు తీసుకుపోవాల్సిన పని తప్పింది. కాగితాల మీద ఎంత పొడుగు పేరున్నా ఆటో అతనికి అది జూపార్కే.

ఊరు చిన్నదే, జూ మాత్రం చిన్నది కాదు. విశాఖపట్నం జూ 625 ఎకరాలు, హైదరాబాదు నెహ్రూ జూ 380 ఎకరాలు. మనది 5,532 ఎకరాలు. అందులో చాలా భాగం అడవే. శేషాచలం పాదాల దగ్గర, ఎక్కడ జూ అయిపోయి ఎక్కడ అడవి మొదలవుతుందో చెప్పలేనట్టు ఉంటుంది. నెమలికీ కోతికీ అసలు ఆ తేడా లేదు. టికెట్ కొన్నవాళ్లు బోనులో జంతువును చూస్తుంటే, టికెట్ లేని కోతి వాళ్ల చేతిలో చిప్స్ ప్యాకెట్‌ను చూస్తూ ఉంటుంది.

పురాణాల్లో జంతువులకున్న చోటును ఆధారం చేసుకుని ఈ జూను తీర్చిదిద్దాలనుకున్నారు. ఈ ఊరికి అది తగిన ఆలోచనే. ఏడుకొండల పేర్లలోనే శేషుడున్నాడు, గరుడుడున్నాడు, వృషభముంది. బ్రహ్మోత్సవాల్లో మూడో రోజు పొద్దున స్వామి సింహం మీద వస్తాడు, ఆరో రోజు రాత్రి ఏనుగు మీద. వాహనం మీది బంగారు సింహాన్ని చూసి దండం పెట్టుకున్న పిల్లవాడికి, చెట్టు నీడన ఆవలిస్తున్న నిజం సింహాన్ని చూపిస్తే వాడు అడిగే మొదటి ప్రశ్న "ఇదేంటి, ఇంత సన్నగా ఉంది?" రెండో ప్రశ్న "లేవదా?"

లేవదు. ఆ సింహం ఎందుకు లేవడం లేదో చెప్పడానికే ఈ సంపాదకీయం.

తిరునాళ్లలో, మైదానాల్లో సర్కస్ డేరాలు వేసిన రోజులు నడివయసు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. సింహాలు, పులులు, ఎలుగుబంట్లు, చిరుతలు, కోతులతో ఆటలాడించడాన్ని కేంద్రం 1998లో నిషేధించింది. సర్కస్ యజమానులు కోర్టుకెళ్లారు. 2001లో సుప్రీంకోర్టు నిషేధాన్నే సమర్థించింది. బాగానే ఉంది, మరి వందల కొద్దీ సింహాలూ పులులూ ఎక్కడికి పోవాలి? అడవిలో వదిలేద్దామంటే వాటికి వేట రాదు. బోనులో పుట్టి, బోనులో పెరిగి, కొరడా చప్పుడుకు స్టూలెక్కడం తప్ప మరేమీ తెలియని జీవాలవి. వాటి కోసం దేశంలో కొన్నిచోట్ల రక్షణ కేంద్రాలు పెట్టారు. విశాఖతో పాటు తిరుపతి కూడా వాటిలో ఒకటి.

సర్కస్ సింహాల్లో చాలా వాటికి ఆఫ్రికా రక్తం, గుజరాత్ గిర్ అడవుల రక్తం కలిసిపోయాయి. అటు ఆ జాతీ కాదు, ఇటు ఈ జాతీ కాదు. అందుకే వాటికి పిల్లలు పుట్టకుండా చూసి, బతికినన్నాళ్లు తిండీ మందూ పెట్టి సాగనంపాలన్నది విధానం. ఒక్క మాటలో చెప్పాలంటే వృద్ధాశ్రమం. కొండ మీదికి కోట్లమంది మొక్కులు తీర్చుకోవడానికి వస్తుంటే, కొండ కింద ఈ ఊరు ఎవరూ మొక్కుకోని ఒక సేవ చాలా ఏళ్లుగా చేస్తూ వచ్చింది. ఆ సంగతి ఊళ్లో ఎంతమందికి తెలుసు?

తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. తిరుపతిలో ఉన్నవాళ్లు కొండకు వెళ్లాలన్నా, జూకు వెళ్లాలన్నా ఇంటికి చుట్టాలు రావాలి. యాత్రికులకేమో జూ అంటే దర్శనం అయ్యాక రైలుకు ఇంకా నాలుగు గంటలుంటే చూసొచ్చే చోటు. ఎండలో గబగబా తిరిగి, తెల్లపులి దగ్గర ఫొటో దిగి, "మిగతావన్నీ పడుకునే ఉన్నాయి" అనుకుంటూ బయటపడతారు. ఆ తెల్లపులి వేరే జాతి కాదని, 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో పట్టిన మోహన్ అనే ఒక్క పులి వంశాన్ని దగ్గరి చుట్టరికాల్లోనే పెంచుకుంటూ పోయి ఈ రంగును నిలబెట్టారని, దాని చూపుకూ ఆరోగ్యానికీ ఆ పెంపకమే చేటు చేసిందని చెబితే, ఫొటో దిగే ముందు ఒక్క క్షణమైనా ఆగరా?

2023ను కూడా ఇక్కడ తలచుకోవాలి. అలిపిరి నడకదారిలో జూన్‌లో ఒక బాబును చిరుత లాక్కుపోయి వదిలేసింది. ఆగస్టులో ఆరేళ్ల పాప ప్రాణమే పోయింది. తర్వాత భక్తుల చేతికి కర్రలిచ్చారు, మధ్యాహ్నం రెండు దాటాక చిన్నపిల్లల్ని నడకదారిలోకి రానివ్వలేదు, దారి పొడుగునా బోన్లు పెట్టారు. బోనులో పడ్డ చిరుతల్ని తెచ్చింది ఈ జూకే. ఊరంతా టెన్షన్‌లో ఉన్నప్పుడు ఆ చిరుతలకు పూట పూటకూ మాంసం పెట్టిన కీపర్ల గురించి ఎవరూ రాయలేదు. మేమూ రాయలేదు.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఒక సందర్శకుడు కంచె దాటి సింహం ఉన్నచోటికి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పుడు మాత్రం దేశమంతటి కెమెరాలూ వచ్చి వాలాయి. చిన్న ఊరి జూ పేరు వార్తల్లోకెక్కాలంటే ఎవరో ఒకరు చావాల్సి రావడం మా వృత్తికి కూడా సిగ్గుచేటే.

అసలు ఈ జూ అందం తెలియాలంటే సాయంత్రం మూసే వేళకు వెళ్లాలి. ఎండ కొండ వెనక్కి జారాక కీపర్ నైట్ హౌస్ (జంతువులు రాత్రి ఉండే గది) ఇనుప తలుపు లాగుతాడు. ఆ కిర్రుమన్న చప్పుడుకు, పొద్దంతా బండరాయిలా పడున్న పులి చెవి ముందు తిరుగుతుంది. తర్వాత తోక. తర్వాత మొత్తం శరీరం లేస్తుంది, అదీ తొందరేమీ లేకుండా, అరుగు మీంచి లేచే పెద్దమనిషిలాగా. కీపర్ పేరు పెట్టి పిలుస్తాడు. అది వస్తుంది. మనవాళ్లు శనివారం ఒక్కపొద్దు ఉన్నట్టు మన దేశపు జూలలో మాంసం తినే జంతువులకూ చాలాచోట్ల వారానికో పూర్తి పస్తు ఉంటుంది. అడవిలో రోజూ వేట దొరకదు కదా. పులికి కూడా ఒక్కపొద్దు ఉంటుందని వింటే మన ఊరి పిల్లవాడు జన్మలో మరచిపోడు.

ఇలాంటివి చెప్పే మనిషి కావాలి, చెప్పే బోర్డు కావాలి. జంతువు పేరు, లాటిన్ పేరు, బరువు, ఆయుష్షు రాస్తే పరీక్షకు పనికొస్తుంది. ఇది ఏ డేరాలోంచి వచ్చింది, ఏ ఊరి పొలంలో దొరికింది, వచ్చిన రోజు ఎలా ఉండేది అని నాలుగు ముక్కలు తేట తెలుగులో రాస్తే మనసుకు పడుతుంది. పక్కనే తమిళనాడు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి తమిళంలోనూ రాయాలి. పశువైద్య విశ్వవిద్యాలయం ఇదే ఊళ్లో ఉంది. అక్కడి విద్యార్థులను సెలవు రోజుల్లో ఒక్కో ఎన్‌క్లోజర్ దగ్గర నిలబెడితే అంతకు మించిన గైడ్లు ఎవరు? చంద్రగిరి, రేణిగుంట, పాకాల సర్కారు బడుల పిల్లలను ఏడాదికొక్కసారైనా ఉచితంగా తీసుకురావడానికి జిల్లా యంత్రాంగం పెద్దగా బడ్జెట్ వెతుక్కోనక్కర్లేదు.

చేయకూడనిది కూడా ఒకటుంది. ఇంత స్థలం ఖాళీగా ఉంది కదా అని గాలిలో వేలాడే వంతెనలూ, నీళ్ల ఆటలూ, సంగీత ఫౌంటెన్లూ పెడదామనే ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరికి వస్తుంది. ఆ స్థలం ఖాళీగా లేదు. ఎర్రచందనం, దేవాంగపిల్లి, బంగారు బల్లి బతికే శేషాచలం అడవికి అది అంచు. 2010లో ఈ కొండల్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించినప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు గుర్తుంటే చాలు.

జూ అధికారులకు మేం చెప్పదలచింది ఇంతే. ఇక మిగిలింది ఊరివాళ్లు. ఈ వారం చుట్టాలెవరూ రాకపోయినా పిల్లకాయలను తీసుకుని సాయంత్రం నాలుగుకల్లా అక్కడుండండి. మంగళవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు జూకు సెలవు.