మూత తిప్పి చూడ్డానికి కూడా విశాఖే వెళ్లాలా?

ఇందాకే సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్. "సార్, మా సర్వీస్‌తో హ్యాపీయేనా? పదికి పది ఇస్తే మాకు హెల్ప్ అవుతుంది సార్." పదికి పది! నోటి చివరిదాకా వచ్చాయి మాటలు. ఆ అమ్మాయిదేం తప్పు, స్క్రిప్టు ఇచ్చి చదవమన్నారు చదివింది అని ఫోన్ పెట్టేశాను. అనాల్సినవాళ్లు లైన్లోకి రారు కాబట్టి ఇక్కడ అంటున్నాను, కాస్త భరించండి.

నా పికప్ రామభద్రపురంలో కూరగాయలు ఎత్తుకుని సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్తుంది. సాలూరు దాకా ఏ గొడవా లేదు. ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక కాసేపటికి యాక్సిలరేటర్ నేలకి ఆనించినా బండి లాగదు. చెక్ లైటు వెలుగుతుంది. వెనకాల లారీవాడు హారన్ కొట్టి మన వంశాన్నంతా పలకరిస్తాడు. పక్కకు తీసి కాసేపు ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది, ఇంకాస్త దూరం పోయి మళ్లీ అదే వరస. ఒకసారైతే సుంకి ఊరి ముందు మధ్యాహ్నం ఎండలో నిలబడిపోయింది. టమాటాలు కింద క్రేట్లలోంచి కారుతుంటే చూస్తూ కూర్చున్నాను. షావుకారు కిరాయిలో కోసేశాడు, ఎందుకు కోశావని అడిగే మొహం కూడా లేదు మనకి.

సర్వీస్ సెంటర్లో ల్యాప్‌టాప్ తగిలించారు. కోడ్ పి0087. రైల్ ప్రెషర్ తక్కువ, అంటే ఇంజెక్టర్లకి డీజిల్ పంచే గొట్టంలో ఒత్తిడి చాలట్లేదని. ఆ ముక్క నా కుడికాలు ఎప్పుడో చెప్పింది, దానికి స్కానర్ చార్జీ ఎందుకు? ఎందుకు తక్కువైందన్నది కదా కావాలి. డీజిల్ ట్యాంకులోంచి పైపు, ఫిల్టరు దాటి పంపుకి వచ్చి, అక్కణ్నుంచి రైల్లోకి వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా అదే కోడ్ వస్తుంది. స్కానర్ జబ్బు పేరు చెప్పదు, జ్వరం ఉందని చెప్తుంది అంతే. వీళ్లు మాత్రం ఫిల్టర్ మార్చి బిల్లు వేశారు. తగ్గలేదు. ఒక కుర్రాడు వచ్చి "కానిస్టర్ చూడాలి సార్" అన్నాడు. బాబూ, బొగ్గు కానిస్టర్ ఉండేది పెట్రోలు బండికి, ఆవిరి బయటికి పోకుండా. డీజిల్ అంతగా ఆవిరవ్వదు కాబట్టి దీనికి ఓ గాలి పైపుతో సరిపెడతారు. ఇది నేను వాడికి చెప్పాలి, డబ్బులు కూడా నేనే ఇవ్వాలి!

తర్వాత అందరికీ ఇష్టమైన ప్రశ్న. "డీజిల్ ఎక్కడ కొట్టిస్తారు సార్?" సరే, కల్తీ ఉందేమో చూద్దామని బంకుకెళ్లి డెన్సిటీ చూపించమన్నాను. వాడి ఇంటి పత్రాలు అడిగినట్టు చూశాడు గానీ, జాడీలో పోసి హైడ్రోమీటర్ ముంచి చూపించాడు, రిజిస్టర్లో రాసినదానికి సరిపోయింది. అడిగితే చూపించాలి, అది మన హక్కు, అడిగేవాడే లేడు. బంకు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. నాజిల్ దానంతట అది ఆగిపోయాక కూడా రౌండ్ ఫిగర్ కోసం టక్కు టక్కుమని మెడదాకా పోస్తారే, దయచేసి మానండి. 60 లీటర్ల డీజిల్ 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు అర లీటరు పెరుగుతుంది. ఆ అర లీటరు ఎక్కడికి పోవాలి? గాలి పైపులోకే. చిల్లర లేకపోతే ఫోన్‌పే ఉంది కదా, రౌండ్ ఫిగర్ పిచ్చి ఇంకా ఎందుకో!

చివరికి తీర్పు వచ్చింది. "హై ప్రెషర్ పంపు పోయింది సార్, ఇంజెక్టర్లు కూడా చూడాలి. ఇక్కడ అవ్వదు, విశాఖ తీసుకెళ్లండి." ఎస్టిమేట్ కాగితం చూశాక బండి అక్కడే వదిలేసి ఆటోలో ఇంటికి వెళ్లిపోదామనిపించింది.

వెళ్లలేదు. సాలూరు వెళ్లాను. లారీల మధ్యే తల నెరిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర ల్యాప్‌టాప్ లేదు, కళ్లద్దాలకి ఒక కాడ కూడా లేదు. బోనెట్ ఎత్తకుండా అడిగాడు: "ట్యాంకు ఫుల్లు సేయించిన్రోజు బేగి ఆగిపోతాదా, సగముంటే ఆలీసంగా ఆగిపోతాదా?" అవును, అచ్చం అంతే! "అయితే ట్యాంకుకి ఊపిరాడ్డం నేదు బావూ."

లెక్క చూడండి. డీజిల్ ఎంత ఖర్చయితే అంత గాలి ట్యాంకులోకి రావాలి. గాలి దారి మూసుకుపోయింది. ఫుల్ ట్యాంకులో పైన 3 లీటర్ల గాలి ఉందనుకోండి, ఇంకో 3 లీటర్ల డీజిల్ ఖర్చయితే అదే గాలి 6 లీటర్ల చోటు నిండాలి, ఒత్తిడి సగానికి పడిపోతుంది. అదే పైన 30 లీటర్ల గాలి ఉంటే 3 లీటర్లకి పదోవంతు కూడా తగ్గదు. అందుకే ఫుల్ చేసినప్పుడే ముందు ఆగేది. పాపం పంపు ఎంతని లాగుతుంది? ఆగినప్పుడు సందుల్లోంచి కొంచెం కొంచెంగా గాలి దూరుతుంది, అందుకే మళ్లీ స్టార్ట్ అయ్యేది. పదోతరగతి ఫిజిక్స్ కూడా కాదిది.

నన్నే ఘాట్ మీదికి తోలమన్నాడు. ఆగిపోగానే దిగి, నేరుగా ట్యాంకు మూత దగ్గరికి వెళ్లాడు. మూత మొరాయించింది. సగం తిప్పాక స్‌స్‌స్ అని మొదలైంది, చింపిన క్యారీబ్యాగు ముక్క అంచున పెడితే లోపలికి లాక్కుపోయింది. ట్యాంకు పక్క రేకు డబ్బుమని బయటికి వచ్చింది. బండి స్టార్ట్ చేస్తే ఒక్క గుక్కలో ఘాట్ ఎక్కేసింది. అప్పుడు కిందకి దూరి, ఛాసిస్ పక్కన గాలి పైపు చివరున్న వాల్వు వెతికి పట్టుకున్నాడు. దాని మూతి మీద నల్లటి తారు పొర, దాని మీద క్రషర్ దుమ్ము. గోటితో గీరితే పొర పొరగా ఊడొచ్చింది.

ఆ తారు ఏంటో తెలుసా? అండర్ బాడీ కోటింగ్! "సముద్రం గాలికి తుప్పు పడుతుంది సార్" అని భయపెట్టి ఈ పదికి పదివాళ్లే అంటగట్టిన కోటింగ్. గాలి పైపుకి కనీసం ఒక టేపు ముక్క చుట్టకుండా, కనిపించినదాని మీదల్లా కొట్టేశారు. వాళ్లే ముక్కు మూసి, ఊపిరితిత్తులు మార్చాలని ఎస్టిమేట్ ఇచ్చారన్నమాట.

చేయాల్సింది ఇంతే కదా? బండి ఆగినచోట మూత వదులు చేసి వినాలి. వదులు చేశాక బండి లాగుతోందంటే గాలి దారే చూడాలి. లాగకపోతే అప్పుడు ఫిల్టరు, ఆ తర్వాత ఫిల్టర్ ముందు పారదర్శకం పైపు పెట్టి బుడగలొస్తున్నాయేమో చూడటం, అన్నిటికంటే చివర పంపు. ఖర్చు లేనిది ముందు, లక్షల ఖర్చు చివర. మూసిన ట్యాంకులోకి కంప్రెసర్ గాలి కొట్టే మహానుభావులు కూడా ఉన్నారు, వాళ్ల జోలికి వెళ్లకండి, ట్యాంకు ఉబ్బిపోతుంది.

అయినా నాకు మంట పంపు గురించి కాదు. "విశాఖ తీసుకెళ్లండి" అన్న మాట గురించి. 1979లో విజయనగరానికి ఒక జిల్లా అని ఇచ్చారు. 2022లో సాలూరుని తీసి పార్వతీపురం మన్యంలో కలిపారు, అదీ అయింది. జిల్లాలు పెరిగాయి, కలెక్టర్లు పెరిగారు, బోర్డులు మారాయి. అమ్మకి మోకాలి నొప్పి, విశాఖ. పిల్లాడికి కోచింగ్, విశాఖ. నాన్నకి గుండె దడ వచ్చిన రాత్రి ఇక్కడ డాక్టరు నాడి పట్టుకోకముందే "విశాఖ" అన్నాడు, దారి పొడవునా అంబులెన్స్‌లో ఆయన నా చెయ్యి వదల్లేదు. తీరా వెళ్తే గ్యాస్ అన్నారు. శ్రీకాకుళంవాళ్లకైతే ఇంకా దూరం, ఇచ్ఛాపురంవాళ్ల సంగతి అడగక్కర్లేదు. చూడ్డం రాకపోతే రాదని చెప్పండి. చూడకుండానే రిఫర్ చేయడం ఏంటి?

కోటింగ్ డబ్బులు వెనక్కి ఇమ్మని కాగితం రాసి సర్వీస్ సెంటర్లో ఇచ్చాను. తీసుకున్నాడు, స్టాంపు కూడా కొట్టాడు. "ఇది మా చేతుల్లో లేదు సార్, విశాఖ ఆఫీసు చూస్తుంది, ఒకసారి అక్కడికి వెళ్లి కలవండి" అన్నాడు.