పన్నెండు చుక్కల కోసం గ్రాఫు దొరవారికి విన్నపం

మహారాజశ్రీ గ్రాఫుల సాఫ్ట్‌వేర్ దొరవారి దివ్యసముఖానికి, నెల్లూరు జిల్లా మైపాడు పక్కన రొయ్యల గుంట గట్టు మీద, నాలుగు జీబీ ర్యామున్న లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఒక పరిశోధక విద్యార్థి రాసుకునే విన్నపం. ఉత్తరం ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని మా తాత నేర్పాడు. ఇక్కడ కుశలంగా ఉన్నది తమరొక్కరే గనక ఆ మాట దాటేస్తున్నా.

'తమరు' కూడా ఇక్కడితో సరి. నీతో మూడు రాత్రులు జాగారం చేసినవాణ్ణి. శివుడు కూడా ఒక్క రాత్రే అడుగుతాడు. ఇక నువ్వనే అంటా.

సంగతేందంటే, మా నాయన గుంటలో నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఒక రోజులో ఎట్టా మారుతుందో నేను గీసి చూపించాలి. రెండు గంటలకోసారి మీటరు ముంచి అంకె రాసుకోవడం. పొద్దున ఆరు నుంచి మర్నాడు తెల్లారుజాము నాలుగు దాకా పన్నెండు అంకెలు. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, మధ్యాహ్నం దాటాక బాగా పెరుగుతుంది. పొద్దుగూకితే తయారీ బంద్. పీల్చేవాళ్లు మాత్రం బంద్ కారు. రొయ్యలు, అదే నాచు, అడుగు బురదలో ఉండే సూక్ష్మజీవులు, అందరూ తెల్లవార్లూ పీలుస్తానే ఉంటారు. ఆ రోజు నాలుగింటికి మీటరు లీటరుకి 3.2 మిల్లీగ్రాములు చూపించింది. నాలుగు మిల్లీగ్రాములకి తగ్గితే మేం పెంచే వెనామీ రకం రొయ్యకి కష్టం మొదలైనట్టే. నేను అంకె రాసుకుంటా ఉండా. నాయన మీటరు వంక చూడనే లేదు. టార్చి వెలుగులో రొయ్యలు గట్టువారకి వచ్చి పైపైన తేలడం చూసి, లుంగీ ఎగ్గట్టి పరిగెత్తుకెళ్లి నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ ఇంకోటి ఆన్ చేశాడు.

ఆ పన్నెండు అంకెలు, వాటి పక్కన పన్నెండు ఉష్ణోగ్రతలు. ఎడమన ఒక అక్షం, కుడిన ఒక అక్షం, నడుమ రెండు గీతలు. నిన్ను నేనడిగింది ఇంతే. ధనుర్మాసంలో మా అమ్మ పదిహేను నుంచి ఎనిమిది దాకా సందుచుక్క పెట్టి, కోడి కూసేలోపు వాకిలి నిండా ముగ్గు వేసేస్తుంది. ముగ్గుగిన్నె ఎప్పుడూ ఆమెను యాక్టివేషన్ కోడ్ అడగలేదు.

నువ్వు నాకు చుక్కలు చూపించని రోజు లేదు. ఒక్క గ్రాఫులో తప్ప.

నేను విండోస్ వదిలి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారింది సరదాకి కాదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంకేవో ఉండాలి. నా లాప్‌టాప్ ఆ పెళ్లిచూపుల్లో నెగ్గలేదు. కొత్తది కొందామంటే నాయన రొయ్యలు పట్టి అమ్మిన డబ్బులు మేతకొట్టు బాకీకే సరిపోయాయి. లినక్స్ వేశా. ముసలి లాప్‌టాప్‌కి మళ్లీ ప్రాణం వచ్చింది. అంతా కులాసా, నువ్వు తప్ప. విండోస్ వారింట్లో అయితేనే గానీ మంచినీళ్లయినా ముట్టనంటివి!

సరే, దుబాసీని పెట్టా. వైన్ అంటారు. 1993లో మొదలైన పని. 1.0 అని చెప్పుకోడానికి 2008 దాకా, అంటే పదిహేనేళ్లు పట్టింది. అంత ఓపిక నీ మీద ఎవరు పెట్టారో వాళ్లకి దణ్ణం. అది నీకోసం లోపల ఇంకో కంప్యూటర్ కట్టదు. నువ్వు విండోస్ భాషలో "ఫైలు తెరువు" అంటే, వెంటనే దాన్ని లినక్స్‌కి తెలిసిన మాటల్లో చెప్పి పని చేయించి, జవాబు మళ్లీ నీ భాషలో నీ చెవిన వేస్తుంది. నీకు అనుమానం రాకుండా ఒక సి డ్రైవ్, అందులో విండోస్ అనే ఫోల్డరు, దానిలో సిస్టమ్32, అన్నీ అమర్చి పెడుతుంది. అత్తగారింట్లో అల్లుడికి సొంతూరి గది కట్టించినట్టు.

అల్లుడంటే గుర్తొచ్చింది. తొలి సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడు కూడా నీ అంత అలగడు. వచ్చీ రాగానే నువ్వు నడవడానికి కావలసిన డాట్‌నెట్ అనే మైక్రోసాఫ్ట్ సరంజామా లేదన్నావు. తెచ్చా. అది ఎక్కడానికి ముప్పావు గంట. తర్వాత విజువల్ సీ లైబ్రరీ, అదీ ఫలానా ఏటిదే కావాలన్నావు. తెచ్చా. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ లేకపోయేసరికి మెనూలో అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు పరిచి కూర్చున్నావు. ఎక్కడ 'ఫైల్' ఉందో, ఎక్కడ 'హెల్ప్' ఉందో తడుముకుంటా నొక్కా. అవీ తెచ్చి పెట్టాక నీ బొమ్మ తెరమీద రెండు సెకన్లు మెరిసింది. నేను అమ్మని పిలిచేలోపు మాయం. వెనకాల టెర్మినల్లో మటుకు "ఫిక్స్‌మీ, ఫిక్స్‌మీ" అని పూనకం వచ్చినట్టు వందల లైన్లు. నన్ను బాగుచెయ్యి నన్ను బాగుచెయ్యి అని కంప్యూటర్ వేడుకోవడం అప్పుడే చూశా.

ఆ రాత్రి మా స్నేహితుడికి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంటా ఉంటే నాయన వినడం నేను గమనించలా. "వైన్ వేసినా పని కాలేదురా. కొత్త వైన్ పడటంలా, పాత వైన్ అయితే బాగా పనిచేస్తుందంట, రేపు అది ప్రయత్నిస్తా." మర్నాడు పొద్దున అమ్మ కాఫీ గ్లాసు ఠక్కున పెట్టిపోయింది. నాయన గుంట దగ్గర చాలాసేపు ఏమీ మాట్లాడలా. చివరికి, "అబ్బయా, చదువు భారమైతే మానెయ్. ఆ అలవాటు మటుకు వద్దు" అన్నాడు. ఇందులో నీ తప్పు లేదులే. కానీ ఎవరి మూలాన అనేది మనసులో పెట్టుకో.

నిన్ను తెరిపించడం ఒక ఎత్తు, నువ్వు నన్ను గుర్తుపట్టడం ఇంకో ఎత్తు. వైన్‌లో ఒకసారి చెడింది బాగుపడక ఆ సి డ్రైవ్ మొత్తం చెరిపి కొత్తది కట్టా. నీకేమో కొత్త కంప్యూటర్ కనిపించింది. లైసెన్సులో ఒక వాడకం కొట్టేశావు. మళ్లీ కట్టా, మళ్లీ కొట్టేశావు. అదే లాప్‌టాప్, అదే కీబోర్డులో ఊడిపోయిన 'కె' అక్షరం, దాన్నే మూడు కంప్యూటర్లుగా లెక్కగట్టావు. మా ఊళ్లో రేషన్ కార్డులో కూడా ఒక మనిషి ఇన్నిసార్లు పుట్టడు. ల్యాబ్‌లో ఉన్న నీ లైసెన్సు యూఎస్‌బీ తాళం తెచ్చి గుచ్చుదామంటే, దాని డ్రైవరు కర్నెల్ లోపల, అంటే సిస్టమ్ గర్భగుడిలో కూర్చోవాలి. వైన్‌కి అంత లోపలికి ప్రవేశం లేదు. దుబాసీ వరండా దాకానే.

లాప్‌టాప్ లోపలే ఇంకో కంప్యూటర్ కట్టే వర్చువల్ మెషిన్ సంగతి పొడుగు చేయను. నాలుగు జీబీలో రెండు దానికిస్తే నాకు మిగిలింది రెండు, లాప్‌టాప్ ఫ్యాను చప్పుడుకి నాయన ఏరియేటర్ ఎవరు వేశారని అడిగాడు.

ఇంతా చేసి, నువ్వు లేకపోతే లోకం ఆగిందా అంటే లేదు. గ్నూప్లాట్ అనే ఉచిత గ్రాఫుల సాఫ్ట్‌వేర్ 1986 నుంచి గీతలు గీస్తానే ఉంది. పైథాన్ భాషలో గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ మొదలుపెట్టింది జాన్ హంటర్ అనే నాడీశాస్త్రవేత్త. మూర్ఛరోగుల మెదడు సంకేతాలు చూసుకోడానికి రాసుకున్నాడు, 2003లో అందరికీ వదిలాడు. మెదడునే గీసినదానికి మా గుంట ఒక లెక్కా? దాంతో ఇరవై లైన్లు రాశా, రెండు అక్షాలూ వచ్చాయి, తెల్లారుజాము నాలుగింటి ఆ పల్లం కళ్లకి కట్టినట్టు దిగింది. గైడుగారికి పంపా. ఆయన చూసి, "బాగానే ఉంది నాయనా, కానీ ఇది మన గ్రాఫులాగా లేదే. ఫైలు పంపు, నేను రంగు మార్చుకోవాలి" అన్నారు. ఫైలంటే నీ ఫైలు. బొమ్మ కాదు, అంకెలు కాదు. నువ్వు మాత్రమే మూత తియ్యగలిగిన డబ్బా.

నా కడుపుమంటంతా అక్కడే. గీతలు గీసిన కూలికి నువ్వు డబ్బులు తీసుకో, ఎవరొద్దన్నారు? ఆక్సిజన్ మా గుంటది, నిద్ర నాది, మీటరు కాలేజీది. ఇవన్నీ నీ డబ్బాలో పడ్డాక తాళం మటుకు నీదెట్టా అయింది? మోటారు షెడ్డులో మేకుకి వేలాడే నాయన లెక్కల పుస్తకం ఉంది. అట్ట చినిగింది, ఉప్పుగాలికి కాగితాలు పసుపెక్కాయి, మేత లెక్కల మధ్య చీటీపాట బాకీలు కూడా ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందట టైగర్ రొయ్యకి వైరస్ తగిలి గుంట ఎత్తేసిన రోజు బొగ్గుతో గీసిన అడ్డగీత ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్ని చదవడానికి నేను ఏ వెర్షనూ ఎక్కించుకోలా.

నెల్లూరు దర్గామిట్టలో రొట్టెల పండగకి అమ్మ నన్ను లాక్కెళ్లింది. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో జనం. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె అని కేకలు. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కావలసినవాళ్లు పుచ్చుకుంటారు. నేను చదువు రొట్టె వెతుక్కుంటా ఉంటే ఒక పెద్దావిడ, "ఏం కావాలబ్బయా?" అంది. నీ పేరెట్టా చెప్పను? "కంప్యూటర్లో ఒకటి తెరుచుకోవాల పెద్దమ్మా" అన్నా. ఆమె కాసేపు ఆలోచించి, "మా మనవడిది వీసా రొట్టె, అదీ కంప్యూటర్లోనే తెరుచుకుంది" అని సగం తుంచి చేతిలో పెట్టింది.

ఇట్లు,
నీ లెక్కలో ముగ్గురు మనుషులైన
ఒకే ఒక్క వాడకందారు

తా.క.: రొట్టె మహిమో, పాత వైన్ మహిమో, నిన్న రాత్రి రెండింటికి తెరుచుకున్నావు. పన్నెండు చుక్కలూ పెట్టా, రెండు గీతలూ కలిపా, నువ్వు మనసు మార్చుకునేలోపు సేవ్ చేసి గైడుగారికి పంపా. పొద్దున ఆయన నుంచి మెసేజ్ వచ్చింది. ల్యాబ్‌లో ఉన్న నీ వెర్షన్ పాతదట, ఈ ఫైలు తెరవలేదట.